ఒకే ఇంధనంతో కరెంటు, వేడి – ఇంటి జనరేటరుకు అప్పు తీసుకొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

నడుస్తున్న జనరేటరు ప్రక్కన కొంతసేపు నిలబడిన వారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. సైలెన్సరు గొట్టం చేయి పెట్టలేనంతగా కాలుతుంది. రేడియేటరు ముందు నుండి వడగాలి వీస్తుంది. ఆ వేడి అంతా మీరు డబ్బు పోసి కొన్న ఇంధనం నుండి వచ్చినదే. లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల శక్తి ఇమిడి ఉండగా, చిన్న జనరేటరు అందులో మూడు యూనిట్లను మాత్రమే కరెంటుగా మార్చగలుగుతున్నది. మిగిలిన ఏడు యూనిట్లు వేడి రూపంలో గాలిలో కలిసిపోతున్నవి. అదే ఇంటిలో, అదే పాకలో, నీళ్లు కాచుటకు వేరుగా కట్టెలో, గ్యాసో, కరెంటో ఖర్చవుతున్నది.

ఈ వృథా వేడిని పట్టి పనికి వినియోగించే చిన్న జనరేటర్లను గురించి, వాటికి అప్పు ఇచ్చుటలోను, తీసుకొనుటలోను గమనించవలసిన అంశాలను గురించి ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. ఢిల్లీ పరిసర జిల్లాలలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేస్తున్నందున ఉదాహరణలు ఈ ప్రాంతమునకు చెందినవి. అయినను లెక్క తెలుగు రైతుకు కూడా వర్తిస్తుంది.

పద్ధతి క్రొత్తది కాదు

చక్కెర కర్మాగారం చూసిన వారికి ఈ సూత్రం తెలిసినదే. చెరకు పిప్పిని కాల్చి ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరి ముందుగా టర్బైనును త్రిప్పి కరెంటు ఇస్తుంది. టర్బైను నుండి బయటకు వచ్చిన ఆవిరిలో ఇంకను మిగిలి ఉన్న వేడితో చెరకు రసాన్ని కాస్తారు. ఒకే పిప్పితో రెండు పనులు జరుగుతాయి. దీనినే సహ ఉత్పత్తి, లేక కో-జనరేషన్ అంటారు.

ఇంటి జనరేటరులో టర్బైను బదులు చిన్న గ్యాసు ఇంజను ఉంటుంది. ఇంజను చుట్టూ తిరిగే నీరు వేడెక్కి 70 నుండి 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చేరుతుంది. పొగ గొట్టం నుండి పోయే పొగ అంతకంటె ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది. ఈ రెండు చోట్లా నీటి గొట్టాల అమరికను బిగించి, ఆ వేడిని ఒక తొట్టిలోని నీటికి ఎక్కిస్తారు. ఇంతకు మించి ఇందులో మర్మం ఏమీ లేదు.

ఇంధనంలోని శక్తిని నూరు పాళ్లుగా భావిస్తే, చిన్న ఇంజనులో 20 నుండి 25 పాళ్లు కరెంటుగా మారుతాయి. చక్కగా రూపొందించిన అమరికలో మరి 50 నుండి 60 పాళ్లను వేడి నీరుగా పొందవచ్చును. స్థానికంగా బిగించిన సాధారణ అమరికలో 40 పాళ్లు దక్కినా మంచిదే. మిగిలినది నష్టం. కావున నూటికి 25 పాళ్లు ఉపయోగపడే చోట 65 పాళ్ల వరకు ఉపయోగపడే అవకాశం ఏర్పడుతున్నది. అయితే ఆ వేడి నీటితో పని ఉన్నప్పుడే ఇది నిజమవుతుంది. ఈ షరతును మరువరాదు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ దీనిపైననే ఆధారపడి ఉన్నవి.

ఇతర దేశాల అనుభవం

ఇటలీలో ఫియట్ సంస్థ 1970ల దశకంలో తన చిన్న కారు ఇంజనునే తీసుకొని టోటెమ్ అనే యంత్రాన్ని తయారు చేసినది. అది 15 కిలోవాట్ల కరెంటును, దానికి రెట్టింపుకు మించిన వేడిని ఇచ్చేది. సహజ వాయువుతోనే గాక గోబరు గ్యాసు వంటి జీవ వాయువుతో కూడ నడిచేది. జర్మనీలో డాక్స్ అను పేరుతో 5.5 కిలోవాట్ల కరెంటు, సుమారు 12.5 కిలోవాట్ల వేడి ఇచ్చే యంత్రాలు ఇండ్లలోను, చిన్న హోటళ్లలోను స్థానం సంపాదించుకొన్నవి. జపానులో హోండా ఇంజనుతో నడిచే ఇకోవిల్ అనే ఒక కిలోవాట్ యంత్రం 2003లో ఇండ్లకు వచ్చినది. దాని తయారీ 2017లో నిలిచిపోయినది. 2009 నుండి ఎనె-ఫార్మ్ అనే పేరుతో, ఇంజను లేకుండా రసాయనిక చర్య ద్వారా కరెంటును, వేడిని ఇచ్చే ఫ్యూయల్ సెల్ యంత్రాలు అచటి లక్షల ఇండ్లలో అమర్చబడినవి.

ఈ దేశాలలో ఇది ఎందుకు నిలదొక్కుకొన్నది? జర్మనీలో సంవత్సరంలో ఆరేడు నెలలు ఇల్లు వెచ్చగా ఉంచుకొనక తప్పదు. జపానులో ప్రతి రాత్రి తొట్టి నిండా వేడి నీటి స్నానం ఆచారం. అచటి ఇంటికి వేడి అవసరం ముందుగానే ఉన్నది. దానికి తోడు కరెంటు లభించినది. మన దేశంలో జనరేటరు కొనే వారు కరెంటు కోసం కొంటారు. వేడి తోడుగా వస్తుంది. ఈ తేడాను గుర్తించకుండా విదేశీ యంత్రపు ప్రకటన చూసి మోజుపడరాదు.

ఢిల్లీ చుట్టుప్రక్కల పరిస్థితి

ఢిల్లీలోను, హర్యానా, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని జిల్లాలు కలిసిన జాతీయ రాజధాని ప్రాంతంలోను గాలి కాలుష్యం తీవ్రమైన సమస్య. 2021 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన వాయు నాణ్యతా నిర్వహణ కమిషన్, 2023 అక్టోబరు 1 నుండి జనరేటర్లపై నియమాలను అమలులోకి తెచ్చినది. ఆ నియమాల ప్రకారం కాలుష్య నియంత్రణ ఆంక్షలు అమలులో ఉన్న కాలంలో 19 కిలోవాట్ల లోపు చిన్న డీజిలు జనరేటర్లను నడపరాదు. సహజ వాయువు, ఎల్.పి.జి., జీవ వాయువులతో నడిచే వాటికి ఆ నిషేధం లేదు. ఈ కారణంగా చిన్న డెయిరీల వారు, దుకాణదారులు గ్యాసు జనరేటర్ల వైపు చూస్తున్నారు. "కరెంటుతో పాటు వేడి నీరు ఉచితం" అనే మాట విక్రయ పత్రాలలో కనిపించుటకు ఇది అనువైన సమయం.

ఇచటి వాతావరణాన్ని చూడండి. మే, జూన్ మాసాలలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. డిసెంబరు, జనవరి మాసాలలో రాత్రి ఉష్ణోగ్రత 5 నుండి 8 డిగ్రీలకు పడిపోతుంది. కేవలం నివాసపు ఇంటికి వేడి నీటి అవసరం ఏడాదికి నాలుగు నెలలకు మించదు. మిగిలిన ఎనిమిది నెలలూ ఆ అమరిక అలంకారప్రాయమే. కావున నివాసానికి మాత్రమే ఇట్టి యంత్రాన్ని కొనుట లాభదాయకం కాదని నా అభిప్రాయం. అట్టి ఇంటికి పైకప్పుపై సౌర ఫలకాలు మేలు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్య ఘర్ పథకం ఈ ఉద్దేశంతో వచ్చినదే.

మరి ఎవరికి ఉపయోగం? సంవత్సరం పొడుగునా ప్రతి దినం వేడి నీటితో పని ఉన్న వారికి. పాల డెయిరీ అందులో మొదటిది. పాల డబ్బాలు, పాత్రలు వేడి నీటితో కడుగక తప్పదు. చలికాలంలో పొదుగు కడుగుటకు, పశువుల దాణా నానబెట్టుటకు, త్రాగించుటకు గోరువెచ్చని నీరు కావలెను. రోహ్‌తక్, ఝజ్జర్ జిల్లాలు ముర్రా గేదెల పుట్టినిల్లు. అవి రాజధాని ప్రాంతంలోనే ఉన్నవి. అచట పేడకు కొదువ లేదు. ఢిల్లీ నగరంలోని డెయిరీ కాలనీలలో ఆ పేడ మురుగు కాలువలలో కలిసి యమునను చేరుట అందరికీ తెలిసిన బాధ. ఆ పేడనే ఇంధనంగా మార్చుకొంటే డీజిలు బాధ, పేడ బాధ కొంతవరకు కలిసి తీరుతాయి.

గోబరు గ్యాసుకు ఢిల్లీతో ఉన్న అనుబంధం

పేడ గ్యాసు పరిశోధనకు ఢిల్లీ మొదటి నుండి కేంద్రమే. 1934 బీహారు భూకంపం తరువాత పూసా నుండి ఢిల్లీకి తరలివచ్చిన వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్.వి. దేశాయ్ 1939లో పేడను గాలి చొరబడకుండా పులియబెట్టి గ్యాసు తీసే ప్రయోగాలు గావించారు. తరువాత జె.జె. పటేల్ రూపొందించిన తేలే డ్రమ్ము నమూనాను ఖాదీ, గ్రామీణ పరిశ్రమల సంఘం 1960ల దశకంలో దేశమంతటా వ్యాపింపజేసినది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం మొదలైనది. 1984లో ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ఆఫ్‌ప్రో సంస్థ ఇటుకలతో కట్టే, ఖర్చు తక్కువైన దీనబంధు నమూనాను రూపొందించినది. మన రాష్ట్రాలలోని అనేక గ్రామాలలో కనిపించే గుండ్రని గుమ్మటపు ప్లాంట్లు ఈ నమూనావే.

ఈ ప్లాంట్లు ఎక్కువగా వంటకే ఉపయోగపడినవి. గ్యాసుతో ఇంజను నడపవచ్చునని తెలిసినా, ఇంజను వేడిని కూడ వాడుకొనవచ్చునన్న ఆలోచన గ్రామాలకు అంతగా చేరలేదు.

ఇరవై గేదెల డెయిరీ – ఒక లెక్క

ఇరవై గేదెలున్న ఒక డెయిరీని ఉదాహరణగా తీసుకొందాము. ఈ లెక్కలోని అంకెలను మీ పశువుల సంఖ్యకు తగినట్లు మార్చుకొనండి.

ఒక్కొక్క గేదె దినమునకు 15 కిలోల పేడ ఇస్తుందనుకొంటే మొత్తం 300 కిలోలు. 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు చొప్పున, వెచ్చని కాలంలో 12 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. కుటుంబపు వంటకు 2 ఘనపు మీటర్లు వదిలితే ఇంజనుకు 10 మిగులుతాయి.

ఒక ఘనపు మీటరు గోబరు గ్యాసులో సుమారు 5,000 కిలో కేలరీల వేడి, అనగా 5.8 యూనిట్ల శక్తి ఉంటుంది. పది ఘనపు మీటర్లలో 58 యూనిట్లు. చిన్న ఇంజను దీని నుండి 13 యూనిట్ల కరెంటును ఇస్తుంది. నూటికి 40 పాళ్ల చొప్పున వేడిని పట్టగలిగితే 23 యూనిట్ల వేడి, అనగా సుమారు 20,000 కిలో కేలరీలు లభిస్తాయి. 15 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాచుటకు లీటరుకు 45 కిలో కేలరీలు కావలెను. కావున దినమునకు సుమారు 440 లీటర్ల వేడి నీరు తయారవుతుంది.

పదమూడు యూనిట్ల కరెంటుతో ఏమి చేయవచ్చును? గడ్డి కత్తిరించే యంత్రాన్ని గంటసేపు నడపవచ్చును. నూరు లీటర్ల పాలను చల్లబరచవచ్చును. నీటి పంపు, పాకలోని పంకాలు, దీపాలు నడుస్తాయి. ఇంటి దీపాలకు కూడ కొంత మిగులుతుంది. మూడు కిలోవాట్ల యంత్రాన్ని దాదాపు పూర్తి భారంతో ఐదు గంటలు నడిపితే ఈ కరెంటు వస్తుంది. గంటకు 2 ఘనపు మీటర్ల గ్యాసు ఖర్చవుతుంది.

ఇచట ఒక చిక్కు ఉన్నది. దీనబంధు వంటి ప్లాంటులో దినపు గ్యాసులో సుమారు మూడవ వంతు మాత్రమే నిలువ ఉంటుంది. పన్నెండు ఘనపు మీటర్ల ప్లాంటులో నాలుగు ఘనపు మీటర్లు. ఐదు గంటలు ఏకబిగిన నడుపుట సాధ్యం కాదు. ఉదయం, సాయంత్రం పాలు పితికే వేళలలో రెండు దఫాలుగా నడుపవలెను, లేదా గ్యాసు సంచిని అదనంగా అమర్చుకొనవలెను. డెయిరీలో వేడి నీటి అవసరం కూడ సరిగా ఆ రెండు వేళలలోనే ఉన్నందున మొదటి మార్గమే మేలు.

చలికాలపు అసలు సమస్య

ఢిల్లీ ప్రాంతంలో గోబరు గ్యాసు ప్లాంటు పెట్టిన వారిలో చాలమంది చెప్పే ఫిర్యాదు ఒకటే. కార్తీకం దాటిన తరువాత గ్యాసు సన్నగిల్లుతుంది. కారణం సూక్ష్మజీవులు. పేడను గ్యాసుగా మార్చే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి అనుకూలం. చల్లబడిన కొలది వాటి పని మందగిస్తుంది. 10 డిగ్రీల వద్ద దాదాపు నిలిచిపోతుంది. గ్యాసు సగానికి తగ్గుట సామాన్యం. దిగుబడి తగ్గిన నెలలలో కూడ బ్యాంకు వాయిదా తగ్గదు గదా.

ఇంజను వేడి ఈ సమస్యకు కొంత ఔషధం. చలికాలంలో గ్యాసు 6 ఘనపు మీటర్లకు పడిపోయినదనుకొందాము. వంటకు 2 పోగా ఇంజనుకు 4 మిగులుతాయి. దాని నుండి పట్టే వేడి సుమారు 8,000 కిలో కేలరీలు. ప్రతి దినం ప్లాంటులో పోసే 300 కిలోల పేడ, 300 లీటర్ల నీరు కలిసి 600 కిలోలు. ఈ వేడితో ఆ మిశ్రమాన్ని 13 డిగ్రీలు పెంచవచ్చును. అనగా 12 డిగ్రీల వద్ద ఉన్న మిశ్రమం 25 డిగ్రీల వద్ద లోపలికి పోతుంది. అందుచేత గ్యాసు మరీ పడిపోకుండా నిలదొక్కుకొంటుంది. గ్యాసు పెరిగితే ఇంజను వేడి కూడ పెరుగుతుంది.

ఆచరణలో ఇది మిశ్రమానికి కలిపే 300 లీటర్ల నీటిని ఇంజను ద్వారా వేడి చేసి పోయుట మాత్రమే. 8,000 కిలో కేలరీలు 300 లీటర్లలో చేరితే నీరు 12 నుండి 38 లేక 39 డిగ్రీలకు వస్తుంది. అంతకంటె మరిగే నీటిని నేరుగా పోయరాదు. సూక్ష్మజీవులు నశిస్తాయి. గుమ్మటం చుట్టూ ఎండుగడ్డి, కంపోస్టు కప్పి ఉంచుట, చల్లని గాలి తగలకుండా చూచుట ఇందుకు తోడు కావలెను. గోడల ద్వారా పోయే వేడిని ఆపనిచో ఇంజను ఇచ్చే వేడి చాలదు.

ఒక విషయం స్పష్టం చేసుకొనండి. చలికాలంలో ఉన్న కొద్దిపాటి వేడితో పాత్రలు కడుగుటకు నీళ్లు కాచుకొనుటా, లేక ప్లాంటును వెచ్చబరచుటా అనేది మీరు నిర్ణయించుకొనవలసినదే. రెండూ పూర్తిగా జరగవు. విక్రేత రెండింటికీ హామీ ఇస్తే పైన చూపిన లెక్కను అతని ముందు ఉంచండి.

మన తెలుగు ప్రాంతాలలో

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో చలి అంతగా లేదు. ప్లాంటు వెచ్చగా ఉంచవలసిన అవసరం తక్కువ. అదొక అదృష్టం. కాని వేడికి పని దొరకుట ఇచట మరింత కష్టం. డెయిరీలు గాక మరి రెండు చోట్ల అవకాశం కనిపిస్తున్నది. కోళ్ల పరిశ్రమలో పిల్లలకు మొదటి వారంలో సుమారు 35 డిగ్రీల వేడి అవసరం, తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గిస్తారు. బ్రూడరు షెడ్డులో వేడి నీటి గొట్టాలు పరచి ఈ వేడి ఇవ్వవచ్చును. బ్యాచి వెనుక బ్యాచి పెట్టే వారికే ఇది గిట్టుబాటు. ఇక విద్యార్థి వసతి గృహాలు. వంట, స్నానం రెండింటికీ వేడి నీరు ప్రతి దినం కావలెను. హాస్టళ్ల వంటశాలలలో మిగిలే అన్నం, కూరగాయల తుక్కు గ్యాసుకు పనికి వస్తుంది.

పంట ఎండబెట్టుటకు ఇంజను వేడిని వాడవచ్చునని కొందరు చెబుతారు. వాడవచ్చును. కాని పంట చేతికి వచ్చేది ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే. ఆ కొద్ది వారాల కొరకు ఏడేండ్ల అప్పు తగదు.

వేడితో తేడా ఎంత?

వడ్డీ, ధరలు మారుతూ ఉంటాయి. కావున ఈ క్రింది అంకెలు పద్ధతిని చూపుటకు అనుకొన్నవి మాత్రమే. మీ కొటేషనులోని అంకెలతో తిరిగి లెక్క కట్టుకొనండి.

యంత్రమునకు, వేడి నీటి అమరికకు కలిపి అప్పు రూ.1,50,000 అనుకొందాము. వడ్డీ 10 శాతం, గడువు 7 సంవత్సరాలు. నెల వాయిదా సుమారు రూ.2,490, ఏడాదికి రూ.29,880. యూనిటు కరెంటు ధర రూ.7. యంత్రం ఏడాదిలో 300 దినాలు నడుస్తుంది. నూనె, స్పార్క్ ప్లగ్గులు, మరమ్మతులు, ఇంజను విప్పి బాగుచేయుటకు కేటాయింపు కలిపి ఏడాదికి రూ.12,000.

కరెంటు: దినమునకు 13 యూనిట్లు, రూ.91. ఏడాదికి రూ.27,300.

వేడి: తయారయ్యే 440 లీటర్లలో 200 లీటర్లే నిజంగా వాడుకొంటారనుకొందాము. అవి సుమారు 10.5 యూనిట్ల వేడికి సమానం. గీజరుతో కాచి ఉంటే సుమారు రూ.73. ఏడాదికి రూ.21,900.

వేడిని వాడుకొనే డెయిరీకి మొత్తం ఆదా రూ.49,200. ఖర్చులు రూ.12,000 తీసివేయగా రూ.37,200. వాయిదా రూ.29,880 కట్టి రూ.7,320 మిగులుతుంది. వేడిని వాడుకొనని డెయిరీకి ఆదా రూ.27,300 మాత్రమే. ఖర్చులు పోగా రూ.15,300. వాయిదాకు ప్రతి సంవత్సరం రూ.14,580 తక్కువ పడుతుంది. ఆ లోటు పాల డబ్బు నుండి కట్టవలసినదే. యంత్రం ఒకటే. అప్పు ఒకటే. రెండు వందల లీటర్ల వేడి నీటికి పని ఉండుట, లేకుండుట మాత్రమే తేడా.

మీరు ఇప్పుడు గీజరుతో గాక చేలో దొరికే కట్టెలతో నీళ్లు కాచుకొంటూ ఉంటే, వేడి విలువను రూ.73గా గాక ఆ కట్టెల విలువగానే లెక్కించండి. కాగితంపై ఆదా వేరు, చేతిలో మిగిలే ఆదా వేరు.

రాయితీల సంగతి

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2021-22 నుండి 2025-26 వరకు జాతీయ జీవ ఇంధన కార్యక్రమాన్ని ప్రకటించినది. అందులో దినమునకు 1 నుండి 25 ఘనపు మీటర్ల చిన్న ప్లాంట్లకు పరిమాణమును బట్టి రూ.9,800 నుండి రూ.70,400 వరకు సహాయం నిర్ణయించారు. అంతకు మించిన ప్లాంట్లలో కరెంటు ఉత్పత్తికి కిలోవాటుకు రూ.35,000 నుండి రూ.45,000 వరకు, వేడి వినియోగానికి అందులో సగం చొప్పున సహాయం నిర్ణయించారు. పైన చూపిన 12 ఘనపు మీటర్ల ప్లాంటు చిన్న ప్లాంట్ల తరగతిలోకి వస్తుంది గాని కిలోవాటు లెక్కకు రాదు. మీరు దరఖాస్తు చేసే నాటికి ఏ పథకం అమలులో ఉన్నదో, ఎంత సహాయం ఉన్నదో జిల్లాలోని సంబంధిత శాఖ వద్ద వ్రాతపూర్వకంగా తెలుసుకొనండి.

రాయితీ వచ్చునన్న నమ్మకంతో వాయిదాలు నిర్ణయించుకొనవద్దు. రాయితీ రాకపోయినా, ఆలస్యమైనా అప్పు తీరునా అని ముందు చూచుకొనండి. వస్తే అసలులో జమ అవుతుంది.

2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగ మార్గదర్శకాల ప్రకారం పునరుత్పాదక ఇంధన పరికరాలకు కుటుంబమునకు రూ.10 లక్షల వరకు ఇచ్చే అప్పు ప్రాధాన్య రంగం క్రిందకు వస్తుంది. వ్యవసాయ, అనుబంధ వృత్తుల అప్పులకు 2025 జనవరి 1 నుండి రూ.2 లక్షల వరకు హామీ ఆస్తి అడుగవలసిన అవసరం లేదు. అయినను తీర్చే శక్తిని పరిశీలించకుండా ఏ శాఖ కూడ అప్పు మంజూరు చేయదు.

యంత్రం ఎన్నికలో జాగ్రత్తలు

కొటేషనులో ఈ అంశాలు తప్పక వ్రాయించుకొనండి.

1. గోబరు గ్యాసుపై ఎన్ని కిలోవాట్లు ఇస్తుంది? పెట్రోలుపైనో, సహజ వాయువుపైనో చెప్పిన సామర్థ్యం గోబరు గ్యాసుపై రాదు, తగ్గుతుంది.

2. యూనిటు కరెంటుకు ఎంత గ్యాసు ఖర్చు?

3. ఎన్ని లీటర్ల నీటిని, ఎంత ఉష్ణోగ్రత నుండి ఎంతకు, గంటలో వేడి చేస్తుంది? "వేడి నీరు వస్తుంది" అన్న మాట చాలదు.

4. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది? 3,000 చుట్లు తిరిగే తేలికపాటి ఇంజను త్వరగా అరుగుతుంది. 1,500 చుట్లు తిరిగే నీటి శీతల ఇంజను ధర ఎక్కువైనా ఎక్కువ కాలం పని చేస్తుంది. దినమునకు ఐదు గంటల చొప్పున ఏడాదికి 1,500 గంటలు నడిచే యంత్రమిది. అప్పుడప్పుడు నడిచే దుకాణపు జనరేటరుతో దీనిని పోల్చరాదు.

5. గంటలు లెక్కించే మీటరు ఉన్నదా? నూనె మార్పు దాని ప్రకారమే జరుగవలెను.

6. గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడును తొలగించే ఇనుప రజను వడపోత ఉన్నదా? కుళ్లిన గ్రుడ్డు వాసన గల ఈ వాయువు ఇంజను లోపలి భాగాలను, వేడి నీటి గొట్టాలను తినివేస్తుంది. పొగను మరీ చల్లబరిస్తే ఆమ్లపు నీరు ఏర్పడి గొట్టం తుప్పు పడుతుంది.

7. వేడి నీటితో పని లేని దినాలలో ఇంజను చల్లబడుటకు వేరుగా రేడియేటరు ఉన్నదా? లేనిచో తొట్టి నిండిన వెంటనే ఇంజను ఆపవలసి వస్తుంది.

ప్రాణములకు సంబంధించిన విషయాలు

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. మూసిన గదిలో కొద్దిసేపటిలోనే ప్రాణం తీస్తుంది. వేడి కోసమని జనరేటరును పడకగదిలోగాని, తలుపులు మూసిన పాకలోగాని పెట్టరాదు. చలి రాత్రులలో ఈ ఆలోచన పుట్టుట సహజం. అదే ప్రమాదకరం. యంత్రం బయట షెడ్డులో ఉండవలెను. నీటి గొట్టం ద్వారా వేడి మాత్రమే లోపలికి రావలెను.

గ్యాసు గొట్టాలను సబ్బు నీటితో నెలకొకసారి పరీక్షించండి. ప్లాంటు గుంతలోనికి ఎవరినీ ఒంటరిగా దిగనీయకండి. జనరేటరును ఇంటి వైరింగునకు మార్పిడి స్విచ్చు ద్వారానే కలుపవలెను. అది లేనిచో మీ కరెంటు తిరిగి వీధి తీగలలోనికి పోయి, సరఫరా ఆపి స్తంభంపై పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికి ముప్పు కలుగుతుంది.

విక్రేతలకు మనవి

అమ్మిన యంత్రం ఆగిపోతే వాయిదా ఆగుతుంది. వాయిదా ఆగితే ఆ గ్రామంలో మరొక యంత్రానికి అప్పు పుట్టదు. కావున కొనుగోలుదారునికి పశువులెన్ని, వేడి నీటితో పని ఎంత అని అడిగి, పని లేని చోట వేడి అమరిక లేని యంత్రాన్నే సూచించుట మీకు కూడ మేలు. ఫిల్టర్లు, ప్లగ్గులు, గాస్కెట్లు దగ్గరి పట్టణంలో దొరికేలా చూడండి. ఇంజను వేడిని గూర్చి చెప్పే అంకెలను నడిపి చూపించండి. తొట్టిలో నీరు పోసి, ఉష్ణమాపకం ముంచి, గంట తరువాత చూపిన అంకె పది కరపత్రాల కంటె విలువైనది.

ముగింపు

దరఖాస్తు నింపే ముందు ఒక వారం పాటు చిన్న పుస్తకంలో మూడు విషయాలు వ్రాయండి. దినమునకు ఎంత పేడ చేతికి వచ్చినది? ఎన్ని లీటర్ల వేడి నీరు వాడినారు, ఏ వేళలో? కరెంటు ఎన్ని గంటలు పోయినది? ఢిల్లీ వంటి చలి ప్రాంతం వారు ఈ పని జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి చేయవలెను. ఆ పుస్తకంతో మీ బ్యాంకు శాఖకు రండి. వేడికి పని ఉన్నదని ఆ అంకెలు చెబితే ఈ యంత్రం మీకు తగినదే. లేదని చెబితే, మంచి గోబరు గ్యాసు ప్లాంటు, వంట పొయ్యి మాత్రమే కట్టుకొని, యంత్రానికి చేయదలచిన అప్పును మరొక గేదెకు వినియోగించుకొనండి.